తేలియాడే మొక్కలు, క్యాట్‌ఫిష్‌ల సహపెంపకం

మంచినీటి అక్వేరియంలో నీటి పైభాగాన తేలియాడే మొక్కలను, అడుగుభాగాన సంచరించే క్యాట్‌ఫిష్‌లను ఒకే తొట్టెలో పెంచే పద్ధతిని సహపెంపకం అంటారు. నోటి చుట్టూ మీసముల వంటి స్పర్శాంగములు ఉండుట వలన తెలుగులో ఈ చేపలను మీసాల చేపలు అని కూడా వ్యవహరిస్తారు. మొక్కలు పైపొరలోను, చేపలు అడుగుపొరలోను ఉంటాయి కనుక ఒకదాని చోటుకు మరొకటి అడ్డు రాదు. చేపలు విడుదల చేసే నత్రజని పదార్థములు మొక్కలకు ఎరువుగాను, మొక్కల నీడ చేపలకు ఆశ్రయంగాను ఉపయోగపడతాయి. అయితే క్యాట్‌ఫిష్‌లలో అనేక జాతులు మధ్యమధ్య పైకి వచ్చి గాలిని మింగుతాయి. అందువలన నీటి ఉపరితలాన్ని పూర్తిగా మొక్కలతో కప్పివేయరాదు.

ఈ మొక్కలలోను, చేపలలోను బయటి నీటివనరులలో పడినచో విపరీతంగా వ్యాపించే విదేశీ జాతులు కొన్ని ఉన్నవి. కనుక చెరువులపై ఆధారపడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల వంటి ప్రాంతములలో ఇది కేవలం ఇంటి అలంకరణకు సంబంధించిన విషయం కాదు.

## నేపథ్యం

ఈ జోడింపు మనుషులు కొత్తగా కనిపెట్టినది కాదు. తెలంగాణలోని ఏ పాత చెరువులోనైనా ఇది సహజంగా కనిపిస్తుంది. గట్టు వారగా తూటికూర, అంతర తామర, డక్‌వీడ్ వంటివి నీటిపై పరచుకొని ఉంటాయి. వాటి క్రింద ఒండ్రుమట్టిలో జెల్లలు, మార్పులు, ఇంగిలాయిలు తిరుగుతుంటాయి. ఈ చేపలు చాలా వరకు నిశాచరులు. పగలు నీడలో దాగి, చీకటి పడిన పిమ్మట మీసములతో అడుగును తడుముతూ పురుగులను, నత్తలను, కుళ్ళిన పదార్థములను వెదుకుతాయి.

అక్వేరియంలో ఇదే ఏర్పాటును చిన్న పరిమాణంలో చేస్తారు. కాని చెరువుకు, గాజు తొట్టెకు ముఖ్యమైన తేడా ఒకటి ఉన్నది. చెరువు విశాలమైనది. మొక్కలు ఒక మూలను కప్పినా చేపకు మరొక చోట గాలి దొరుకుతుంది. తొట్టెలో అటువంటి వీలు ఉండదు. ఆ వీలును పెంపకందారుడే కల్పించాలి.

## పనిచేసే విధానం

### వెలుతురు, నీడ

క్యాట్‌ఫిష్‌లకు తీవ్రమైన వెలుతురు సరిపడదు. ప్రకాశవంతమైన తొట్టెలో ఇవి పగలంతా రాళ్ళ వెనుక దాగి, ఆహారం కూడా సరిగా తీసుకోవు. పైన మొక్కలు ఉన్నచో వెలుతురు చెదరి క్రిందికి మసకగా చేరుతుంది. దీని వలన చేపలు పగటి వేళ కూడా నిర్భయంగా బయట తిరుగుతాయి. వెలుతురు తగ్గుట వలన అద్దములపై పాచి కూడా తక్కువగా పెరుగుతుంది. అయితే అడుగున నాటిన మొక్కలకు వెలుతురు అందదు కనుక ఇటువంటి తొట్టెలో నీడను సహించే జాతులను మాత్రమే నాటాలి.

### నత్రజని చక్రం

చేపలు అమ్మోనియాను ప్రధానంగా మొప్పల ద్వారా విసర్జిస్తాయి. మిగిలిపోయిన మేత, మలం కుళ్ళుట వలన కూడా అమ్మోనియా ఏర్పడుతుంది. ఇది చేపలకు విషం. తొట్టెలో స్థిరపడిన బాక్టీరియా దీనిని మొదట నైట్రైట్‌గాను, తరువాత నైట్రేట్‌గాను మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ వలన హాని వాటికంటె చాలా తక్కువ. మొక్కలు అమ్మోనియాను, నైట్రేట్‌ను తమ పెరుగుదలకు వాడుకుంటాయి.

ఈ పనిలో తేలియాడే మొక్కలకు ఒక ప్రత్యేక సౌలభ్యం కలదు. వాటి ఆకులు గాలిలో ఉంటాయి కనుక బొగ్గుపులుసు వాయువు కొరత ఉండదు. దీపమునకు అతి సమీపంలో ఉండుట వలన వెలుతురు కూడా పుష్కలంగా లభిస్తుంది. అందువలన ఇవి నీటిలో మునిగి ఉండే మొక్కల కంటె వేగంగా పెరిగి, నత్రజనిని ఎక్కువగా పీల్చుకుంటాయి. అయితే మొక్క పీల్చిన నత్రజని మొక్కలోనే ఉంటుంది. అదనంగా పెరిగిన మొక్కలను తీసివేసినప్పుడే అది తొట్టె నుండి బయటకు పోతుంది. తీయకుండా వదిలివేసినచో అవి కుళ్ళి అదే అమ్మోనియా తిరిగి నీటిలో చేరుతుంది.

### ప్రాణవాయువు

మొక్కలు ఉన్న నీటిలో ప్రాణవాయువు దానంతట అదే పెరుగుతుందని సాధారణంగా భావిస్తారు. తేలియాడే మొక్కల విషయంలో ఇది చాలా వరకు నిజం కాదు. వాటి ఆకులు తయారుచేసే ప్రాణవాయువులో అధికభాగం గాలిలోకే పోతుంది. పైగా దట్టంగా పరచుకొన్న ఆకులు గాలికి, నీటికి మధ్య తెరవలె అడ్డుపడి నీటిలో ప్రాణవాయువు కరగడాన్ని తగ్గిస్తాయి. రాత్రివేళ మొక్కల వేళ్ళు, బాక్టీరియా, చేపలు అన్నీ ప్రాణవాయువును వినియోగించుకుంటాయి. అందుచేత తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అత్యల్పంగా ఉంటుంది.

ఉష్ణోగ్రత పెరిగిన కొలదీ నీటిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. సముద్రమట్టం వద్ద 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద సుమారు 7.6 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే తెలంగాణ జిల్లాలలో ఈ తేడా చేపల ప్రాణానికి సంబంధించినది.

క్యాట్‌ఫిష్‌లు ఈ కొరతను వేర్వేరు విధములుగా ఎదుర్కొంటాయి.

* కొరిడోరాస్ గాలిని మింగి, ప్రేగు చివరి భాగం ద్వారా ప్రాణవాయువును గ్రహిస్తుంది.
* ప్లెకో చేపకు జీర్ణాశయమే ఊపిరితిత్తి వలె పనిచేస్తుంది.
* మార్పు చేపకు మొప్పల పైభాగాన చెట్టుకొమ్మల ఆకారంలో ఒక ప్రత్యేక శ్వాసాంగం ఉన్నది.
* ఇంగిలాయికి మొప్పల గది నుండి తోక వైపుకు సాగిన రెండు పొడవైన గాలితిత్తులు ఉన్నవి.
* జెల్లలకు ఇటువంటి ప్రత్యేక అవయవములు లేవు. ఇవి ప్రధానంగా మొప్పలపైనే ఆధారపడతాయి.

పైకి వచ్చే దారి మూసుకొనిపోయినచో మొదటి నాలుగు రకములకు గాలి అందదు. నీటిలో ప్రాణవాయువు తగ్గినచో జెల్లలు ముందుగా బాధపడతాయి. రెండు విధములుగానూ ఉపరితలంపై ఖాళీ ఉండుట తప్పనిసరి.

## అనువైన మొక్కలు

* '''అంతర తామర''': పిస్టియా స్ట్రాటియోటిస్ అని శాస్త్రీయ నామం. గులాబీ పువ్వు ఆకారంలో అమరిన మెత్తని ఆకులు, క్రిందికి వ్రేలాడే పొడవైన వేళ్ళ కుచ్చు దీని లక్షణములు. చేపపిల్లలకు వేళ్ళు మంచి ఆశ్రయం. ఆకులపై నీరు పడుతూ ఉంటే కుళ్ళిపోతుంది.
* '''డక్‌వీడ్''': లెమ్నా ప్రజాతికి చెందిన అతి చిన్న మొక్క. నత్రజనిని వేగంగా పీల్చుకుంటుంది. ఒకసారి తొట్టెలో చేరిన తరువాత పూర్తిగా తొలగించుట బహు కష్టం.
* '''అజొల్లా''': ఇది నీటిపై పెరిగే ఫెర్న్. పశువుల మేతగాను, వరిపొలములలో పచ్చిరొట్టగాను తెలంగాణ రైతులకు సుపరిచితం. దీని ఆకులలో నివసించే అనబీనా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. కనుక నీటిలోని నత్రజనిని తగ్గించుటకు ఇతర మొక్కలంత ఉపయోగపడదు. నీడ కొరకు పెంచవచ్చును.
* '''తూటికూర''': చెరువు గట్టున పెరిగే ఆకుకూర. తీగను తొట్టె అంచుకు కట్టి వేళ్ళు మాత్రం నీటిలో ఉండునట్లు పెంచవచ్చును. కత్తిరించుట సులభం.
* '''అమెజాన్ ఫ్రాగ్‌బిట్''': దక్షిణ అమెరికాకు చెందినది. గుండ్రని ఆకులు కలిగి ఉంటుంది. డక్‌వీడ్ కంటె పెద్దది కావున చేతితో ఏరివేయుట తేలిక.
* '''గుర్రపుడెక్క''': అమెజాన్ నదీ పరీవాహక ప్రాంతం నుండి ప్రపంచమంతటా వ్యాపించిన కలుపు మొక్క. అక్వేరియం కొరకు దీనిని ఎంచుకొనరాదు. కారణములు క్రింద పర్యావరణ సమస్యల విభాగంలో ఇవ్వబడినవి.

చెరువు నుండి తెచ్చిన మొక్కలతో పాటు జలగలు, నత్తలు, తూనీగ పిల్లపురుగులు తొట్టెలోకి రావచ్చును. తూనీగ పిల్లపురుగులు చిన్న చేపలను పట్టి తింటాయి. కావున మొక్కలను బాగుగా కడిగి, రెండు వారముల పాటు వేరే పాత్రలో ఉంచి పరిశీలించాలి.

## అనువైన చేపలు

### విదేశీ జాతులు

'''కొరిడోరాస్''' దక్షిణ అమెరికాకు చెందిన చిన్న క్యాట్‌ఫిష్. సాధారణంగా 5 నుండి 7 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. గుంపుగా జీవిస్తుంది కనుక కనీసం ఆరు చేపలను కలిపి పెంచాలి. గరుకు రాళ్ళపై దీని మీసములు అరిగిపోయి పుండ్లు పడతాయి. మెత్తని ఇసుక అవసరం. 22 నుండి 26 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకూలం. 2024లో వెలువడిన ఒక వర్గీకరణ అధ్యయనం ఈ ప్రజాతిని అనేక ప్రజాతులుగా విభజించింది. అయినప్పటికీ వ్యాపారంలో పాత పేరే వాడుకలో ఉన్నది.

'''బ్రిసిల్‌నోస్ ప్లెకో''' 12 నుండి 15 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. అద్దములపై పాచిని గీరి తింటుంది. దుకాణములలో 'సక్కర్ ఫిష్' పేరుతో అమ్మే సెయిల్‌ఫిన్ ప్లెకో దీనికి భిన్నమైనది. కొనునప్పుడు వ్రేలెడంత ఉండే ఈ చేప 40 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. సాధారణ గృహ అక్వేరియంకు ఇది తగదు. చాలామంది దీనిని చివరకు చెరువులలో వదలుటకు ఈ పరిమాణమే కారణం.

### స్థానిక జాతులు

'''జెల్ల''': మిస్టస్ ప్రజాతికి చెందిన చేపలు. చారల జెల్ల చూడటానికి అందంగా ఉంటుంది. ఈ ప్రాంతపు వేడిని తట్టుకొంటుంది. అయితే రాత్రివేళ తనకంటె చిన్న చేపలను తింటుంది. దీని రెక్కముళ్ళు వలకు చిక్కుకుంటాయి కావున చేపను గిన్నెతో పట్టుట మంచిది.

'''ఇంగిలాయి''': 30 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. రొమ్ము రెక్కల ముళ్ళలో విషం ఉన్నది. గుచ్చుకొన్నచో తీవ్రమైన నొప్పి కలుగుతుంది. గాయమును భరించగలిగినంత వేడినీటిలో ఉంచి వైద్యుని సంప్రదించాలి. పిల్లలున్న ఇళ్ళలో పెంచకుండుట మేలు.

'''మార్పు''': పెద్ద తొట్టెలకు మాత్రమే తగినది. రాత్రివేళ మూత తోసుకొని బయటకు వస్తుంది. భారతదేశపు మార్పును ప్రస్తుతం క్లారియస్ మాగుర్ అనే ప్రత్యేక జాతిగా పరిగణిస్తున్నారు. ఐ.యు.సి.ఎన్. దీనిని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చినది. ఇదే పోలికలతో ఉండే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకమును భారత ప్రభుత్వం 2000లో నిషేధించింది.

'''వాలుగ''': ఇది కూడా క్యాట్‌ఫిష్ అయినప్పటికీ ఒక మీటరు దాటి పెరిగే మాంసాహారి. అక్వేరియంకు పనికిరాదు.

## తొట్టె ఏర్పాటు

అడుగు చేపలకు లోతు కంటె అడుగు వైశాల్యం ముఖ్యం. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల ఎత్తు గల తొట్టెలో సుమారు 72 లీటర్ల నీరు పడుతుంది. ఆరు కొరిడోరాస్‌లకు ఇది చాలును. జెల్లల గుంపునకు 90 సెంటీమీటర్ల పొడవు గల తొట్టె అవసరం.

# అడుగున 3 నుండి 5 సెంటీమీటర్ల మందాన కడిగిన మెత్తని ఇసుక పరచాలి.
# చేపలు దాగుటకు కొయ్య ముక్కలు, కుండపెంకులు, గుండ్రని రాళ్ళు అమర్చాలి.
# కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. నీటిని ఒకరోజు బయట నిలువ ఉంచి గాని, సోడియం థయోసల్ఫేట్ వాడి గాని తొలగించాలి. బోరు నీటిని వాడునప్పుడు కఠినత్వమును పరీక్షించుకొనుట మంచిది.
# ఫిల్టరును నడిపి, బాక్టీరియా స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారముల వ్యవధి ఇవ్వాలి. తేలియాడే మొక్కలను మొదటి రోజునే వేయవచ్చును.
# అక్వేరియం గాలిగొట్టమును వలయముగా చుట్టి, చివరలను కలిపి నీటిపై తేలవిడిచినచో ఆ వలయం లోపలికి మొక్కలు రావు. చేపలు గాలి పీల్చుటకు, మేత వేయుటకు ఈ ఖాళీ ఉపయోగపడుతుంది. మొత్తం ఉపరితలంలో కనీసం మూడవ వంతు ఖాళీగా ఉండాలి.
# నీటిమట్టమునకు, మూతకు మధ్య 5 సెంటీమీటర్ల గాలి ఉండునట్లు చూడాలి. మూతకు సన్నని రంధ్రములు ఉండాలి.
# అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు చేరిన పిదప చేపలను వదలాలి.

## నిర్వహణ

వారమునకు ఒకసారి పావువంతు నీటిని మార్చాలి. అదే సమయంలో పెరిగిన మొక్కలలో మూడవ వంతు నుండి సగం వరకు తీసివేయాలి. పసుపుబారిన ఆకులను ఏరివేయాలి.

క్యాట్‌ఫిష్‌లు తొట్టెలోని మలమును తిని బ్రతుకుతాయనే అభిప్రాయం సరికాదు. ఏ చేపా మలముపై ఆధారపడి జీవించదు. పై చేపల నుండి మిగిలిన మేత వీటికి చాలదు. దీపం ఆర్పిన తరువాత అడుగుకు మునిగే గుళికలను వలయం లోపల వేయాలి. తేలే మేత మొక్కల వేళ్ళలో చిక్కుకొని కుళ్ళిపోతుంది.

వేసవిలో మూత తీసి సన్నని వల కప్పుట, నీటిపైకి ఫ్యాను గాలి తగులునట్లు చూచుట, మొక్కలను మామూలుకంటె ఎక్కువగా తగ్గించుట మంచిది. విద్యుత్ సరఫరా నిలిచినప్పుడు ఫిల్టరు, గాలిపంపు ఆగిపోతాయి. అటువంటి సమయంలో మొక్కలను ఒక ప్రక్కకు నెట్టి ఉపరితలమును తెరిచి ఉంచాలి. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఉన్నచో మరీ మంచిది.

కొరిడోరాస్ అప్పుడప్పుడు పైకి దూసుకువచ్చి గాలి మింగుట సహజం. కాని చేపలన్నీ మాటిమాటికీ పైకి వస్తున్నచో నీటిలో ప్రాణవాయువు తగ్గినదని గాని, అమ్మోనియా పెరిగినదని గాని గ్రహించి వెంటనే నీటిని మార్చాలి. క్యాట్‌ఫిష్‌లకు సాధారణ పొలుసులు ఉండవు కనుక రాగి కలిసిన మందులు వాడునప్పుడు జాగ్రత్త వహించాలి.

## పర్యావరణ సమస్యలు

### గొలుసుకట్టు చెరువులు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. వీటిలో అధికభాగం పూర్వపు వరంగల్ జిల్లాలోనిది. కాకతీయుల కాలం నాటి చెరువులకు ఈ ప్రాంతం ప్రసిద్ధి. భూపాలపల్లి జిల్లా ఘనపూర్‌లోని గణపసముద్రం, మహబూబాబాద్ జిల్లా బయ్యారంలోని చెరువు ఇందుకు ఉదాహరణలు. గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం కాకతీయుల వంశక్రమమును తెలుపుతుంది.

ఈ ప్రాంతపు చెరువులలో అనేకం గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు నిండి మత్తడి దూకిన నీరు వాగు ద్వారా దిగువ చెరువును చేరుతుంది. ఆకేరు నీరు మున్నేరు ద్వారా కృష్ణా నదిలో కలుస్తుంది. భూపాలపల్లి ప్రాంతపు వాగులు గోదావరిని చేరతాయి. దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి జలములు జనగామ ప్రాంతమునకు కూడా అందుచున్నవి. కనుక ఒక చెరువులో వేసిన మొక్క గాని, చేప గాని ఆ ఒక్క చెరువుకే పరిమితం కాదు. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచెత్తినది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో వరదకు ఇంటికన్నె - కేసముద్రం మధ్య రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయినది. ఇటువంటి వరదలలో నీటితో పాటు జలచరములు కూడా కొత్త చోట్లకు చేరుతాయి.

### గుర్రపుడెక్క

ఈ మొక్క 19వ శతాబ్దం చివరలో అలంకరణ కొరకే బెంగాల్‌కు తేబడినదని చెబుతారు. పిలకల ద్వారా అతివేగంగా వ్యాపిస్తుంది. విత్తనములు ఒండ్రులో అనేక సంవత్సరముల పాటు మొలకెత్తే శక్తిని కలిగి ఉంటాయి. చెరువును కప్పివేసి చేపలకు ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. వలలు విసురుటకు, తూముల ద్వారా నీరు పారుటకు ఆటంకం కలిగిస్తుంది. దీనిని తినే ముక్కుపురుగులను 1980లలో భారతదేశంలో ప్రవేశపెట్టినారు. అయినను అనేక చోట్ల యంత్రములతోను, కూలీలతోను తొలగించవలసి వచ్చుచున్నది.

### సెయిల్‌ఫిన్ ప్లెకో

వార్తాపత్రికలలో 'రాకాసి చేప', 'డెవిల్ ఫిష్' అని వ్రాయబడే చేప ఇదే. ఇది అక్వేరియంల నుండి ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలతో సహా అనేక రాష్ట్రముల నీటివనరులలోకి ప్రవేశించినది. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధకులు నీటిలోని డీఎన్ఏ ఆనవాళ్ళ ఆధారంగా తూర్పు కనుమల జలాశయములలో దీని విస్తృత వ్యాప్తిని గుర్తించారు.

గట్టి కవచం, ముళ్ళు ఉండుట వలన దీనిని తినే జీవులు తక్కువ. వలలను చింపివేస్తుంది. మార్కెట్‌లో ధర పలకదు. మెక్సికోలోని ఇన్ఫియెర్నియో జలాశయంలో ఈ చేపల వలన తిలాపియా మత్స్యకారులు తీవ్రంగా నష్టపోయారు. గుడ్లు పెట్టుటకు మగచేపలు ఒడ్డు మట్టిలో బొరియలు తవ్వుతాయి. తెలంగాణ చెరువుల కట్టలు చాలా వరకు మట్టికట్టలు. కనుక ఈ అలవాటు ప్రత్యేకంగా గమనింపదగినది.

తెలంగాణ ప్రభుత్వం 2015లో మిషన్ కాకతీయ పథకం క్రింద చెరువుల పూడికతీతను ప్రారంభించినది. 2016-17 నుండి చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం అమలులోకి వచ్చినది. మత్స్యకార సహకార సంఘముల సభ్యులకు ఈ చెరువులే జీవనాధారం. విదేశీ చేపలు వ్యాపించినచో ముందుగా నష్టపోయేది వారే.

### వదిలించుకొనే పద్ధతులు

అక్వేరియంలో గట్టిదనం మంచి లక్షణం. తక్కువ ప్రాణవాయువులో బ్రతుకుట, ఏ ఆహారమైనా తినుట, వేగంగా పెరుగుట వలననే ఈ మొక్కలు, చేపలు ఆరంభకులకు అనువైనవిగా పేరుపొందినవి. చెరువులో అదే లక్షణములు హానికరములు. కనుక క్రింది జాగ్రత్తలు పాటించాలి.

* తీసివేసిన మొక్కలను కాలువలోగాని, చెరువులోగాని వేయరాదు. ఎండలో పూర్తిగా ఎండబెట్టి ఎరువుకుప్పలో వేయాలి. నత్రజని ఉండుట వలన మంచి ఎరువు అవుతుంది.
* అవసరం లేని చేపలను దుకాణమునకు తిరిగి ఇవ్వాలి. లేదా ఇతర పెంపకందారులకు ఇవ్వాలి.
* తొట్టె నీటిని మురుగుకాలువలో పోయక పెరటి మొక్కలకు పోయాలి.
* వినాయక నిమజ్జనం, బతుకమ్మ వంటి పండుగల సమయంలో చెరువుకు వెళ్ళినప్పుడు పుణ్యకార్యమని భావించి అక్వేరియం చేపలను విడువరాదు.
* వీలైనంత వరకు స్థానిక జాతులనే ఎంచుకోవాలి. అయితే ఒక చెరువు నుండి తెచ్చిన చేపను, వ్యాధులు సోకే ప్రమాదం ఉన్నందున, తిరిగి చెరువులో వదలరాదు.

## ఇవి కూడా చూడండి

* అక్వేరియం
* నత్రజని చక్రం
* కొర్రమీను
* గుర్రపుడెక్క
* అజొల్లా
* మిషన్ కాకతీయ
* బయ్యారం